డాక్టరుకన్నా ముందు ప్రశ్నలడిగే యంత్రం

ఆస్పత్రిలో ఓపీ గది బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళను మీరెప్పుడైనా గమనించారా? లోపలికి వెళ్ళేముందు ఒక పెద్దాయన పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషికి తన బాధంతా పూసగుచ్చినట్టు చెబుతాడు. ఎప్పుడు మొదలైందో, ఏం తింటే ఎక్కువవుతోందో, రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నాడో, అన్నీ చెబుతాడు. ఇంతలో పేరు పిలుస్తారు. లోపలికి వెళతాడు. "ఏమిటి ఇబ్బంది?" అంటారు డాక్టరుగారు. "నీరసంగా ఉందండీ" అంటాడు. అంతే! రెండు నిమిషాల్లో చీటీ పట్టుకుని బయటికి వచ్చేస్తాడు. మందుల షాపు దగ్గర నిలబడ్డాక గుర్తొస్తుంది. "అయ్యో, అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్న సంగతి చెప్పనేలేదే!"

ఆ చెప్పని మాటే అసలు మాట కావచ్చు. నీరసం అనేది నూరు జబ్బుల్లో ఉంటుంది. రక్తం తక్కువైనా నీరసమే, నిద్ర లేకపోయినా నీరసమే, దిగులుగా ఉన్నా నీరసమే. కాని నీరసంతోబాటు రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, అరికాళ్ళ తిమ్మిరి కూడా ఉన్నాయంటే డాక్టరు ఆలోచన వెంటనే షుగరు వైపు వెళుతుంది. రక్తపరీక్ష రాస్తారు. ఆ మాట చెప్పకపోతే ఓ బలం మందు రాసి పంపేస్తారు. షుగరు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

మరి తప్పు ఎవరిది? డాక్టరుదా, పెద్దాయనదా?

తొందరపడి ఎవరినీ అనకండి. ముందు గడియారం సంగతి చూద్దాం. 67 దేశాలలో డాక్టరు ఒక్కొక్క రోగితో ఎంతసేపు గడుపుతున్నారో పరిశీలించిన లెక్కలు 2017లో వెలువడ్డాయి. స్వీడన్‌లో సగటున 22 నిమిషాల 30 సెకన్లు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు! మన దేశం లెక్క సుమారు 2 నిమిషాలు. బయట వందమంది వరుసలో నిలబడి ఉంటే డాక్టరు మాత్రం ఏంచేస్తారు?

గడియారం ఒక్కటే కారణం కాదు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టరుకూ రోగికీ మధ్య జరిగిన 74 సంభాషణలను టేపు మీద రికార్డు చేసి విన్నారు. 1984లో ఫలితాలు ప్రకటించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు మధ్యలో అందుకుని ప్రశ్న వేస్తున్నారట. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్ళు నూటికి 23 మందే. మీరే గడియారం ముందు పెట్టుకుని 18 సెకన్లలో నిన్న మీకేం జరిగిందో చెప్పి చూడండి. బడిగంట కొట్టే దాకా కూడా రాలేరు!

డాక్టరుకు తీరిక లేదు, రోగికి గుర్తు రాదు. గుర్తొచ్చినా చెప్పడానికి మొహమాటం. ఈ ముడిని విప్పడానికి 1960లలోనే ఒక డాక్టరుకు ఓ చిత్రమైన ఆలోచన వచ్చింది. రోగి బయట ఎదురుచూస్తున్న ఆ గంటసేపూ వృథాగా పోతోంది కదా. ఆ సమయంలో ప్రశ్నలన్నీ ఒక యంత్రం అడిగితే?

మాడిసన్‌లో ఒక చిన్న కంప్యూటరు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ అనే ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో వార్నర్ స్లాక్ అనే యువ వైద్యుడు ఉండేవాడు. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదినిండా ఉండే బీరువాలు. వాటిని శాస్త్రజ్ఞులు, బ్యాంకులవాళ్ళు, సైన్యంవాళ్ళు వాడేవారు. మామూలు మనుషులకు వాటి దగ్గరకు వెళ్ళే అవసరమే ఉండేది కాదు.

అయితే 1962లో వెస్లీ క్లార్క్, చార్లెస్ మోల్నార్ అనే ఇద్దరు ఇంజనీర్లు ప్రయోగశాలలో వాడుకోవడానికి వీలుగా 'లింక్' అనే చిన్న కంప్యూటరు తయారుచేశారు. చిన్నదంటే జేబులో పట్టేది కాదు లెండి, ఒక బీరువా అంత! కాని దానికి ఒక చిన్న తెర, మీటలున్న కీబోర్డు, సమాచారం దాచుకోవడానికి అయస్కాంత టేపు ఉండేవి. మనిషి దాని ముందు కూర్చుని మీట నొక్కితే అది అప్పటికప్పుడే తెర మీద జవాబు చూపించగలదు. అప్పట్లో అది చాలా గొప్ప విషయం. ఇవాళ మీ ఇంట్లో ఉన్న అతి చవక ఫోను దానికి ఎన్నో వేల రెట్లు శక్తిగలది.

స్లాక్, ఆయన సహచరులు ఈ లింక్‌కు రోగిని ప్రశ్నలడగడం నేర్పారు. 1966లో ఒక వైద్యపత్రికలో ఆ పని గురించి రాశారు. మొదట ఎంచుకున్న విషయం ఎలర్జీ. దుమ్ము, పుప్పొడి, ఆహారం, మందులు, ఇలా దేనివల్ల ఎవరికి పడడంలేదో తెలుసుకోవాలంటే చాలా ప్రశ్నలు అడగాలి. అడిగే మనిషికి విసుగొస్తుంది. యంత్రానికి విసుగు రాదు.

రోగి కుర్చీలో కూర్చుంటాడు. తెర మీద ప్రశ్న కనిపిస్తుంది. అవును అనో, కాదు అనో మీట నొక్కాలి. అక్కడితో ఆగలేదు స్లాక్. 'తెలియదు' అనడానికి కూడా వీలు కల్పించాడు. 'ప్రశ్న అర్థం కాలేదు' అనడానికి కూడా! నా మట్టుకు నాకు ఈ చివరిదే బాగా నచ్చింది. తెల్లకోటు వేసుకున్న డాక్టరుగారు ఏదో అడిగితే, అర్థం కాకపోయినా మనం తలూపేస్తాం. "అర్థం కాలేదండీ" అనడానికి నోరు రాదు. తరగతిలో మాస్టారు "అర్థమైందా?" అన్నప్పుడు మీరందరూ ఒక్క గొంతుతో ఏమంటారో మీకు తెలుసు కదా. యంత్రం దగ్గర ఆ బెరుకు లేదు. అర్థం కాలేదని నొక్కితే అది ఇంకోరకంగా, తేలిక మాటల్లో అడుగుతుంది.

రోగి అనేవాడు వైద్యంలో అన్నిటికన్నా పెద్ద వనరు, కాని అందరూ అతి తక్కువగా వాడుకునే వనరు కూడా అతడే అని స్లాక్ జీవితాంతం చెబుతూ వచ్చాడు. 2018లో ఆయన చనిపోయాడు.

ప్రశ్నల చెట్టు

యంత్రం ప్రశ్నలెలా అడుగుతుంది? ఉన్నవన్నీ వరుసగా అడిగితే మనిషి అక్కడే నిద్రపోతాడు. అందుకని ప్రశ్నలను చెట్టు కొమ్మల్లా అమరుస్తారు. రైలు జంక్షను దగ్గర పట్టాలు విడిపోయినట్టు, ప్రతి జవాబు దగ్గరా దారి చీలుతుంది.

"మీకు దగ్గు ఉందా?" లేదంటే దగ్గు గురించిన ప్రశ్నలన్నీ వదిలేసి వేరే విషయానికి వెళ్ళిపోతుంది. ఉందంటే, "రెండు వారాలు దాటిందా?" అంటుంది. దాటిందంటే, "సాయంత్రం పూట జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? కళ్ళెలో రక్తం కనిపించిందా?" అని లోతుకు వెళుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుంటే క్షయ పరీక్ష చేయించాలన్నది మన దేశంలో పాటించే నియమం. మూడు రోజుల దగ్గుకు ఆ ప్రశ్నలు అక్కరలేదు.

ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. అవును, కాదు అనే జవాబులున్న ప్రశ్న ఒకటి అడిగితే మనుషులను 2 గుంపులుగా విడదీయవచ్చు. రెండు ప్రశ్నలైతే 4 గుంపులు. మూడైతే 8. మరి పది ప్రశ్నలైతే? 2ను పదిసార్లు వేసుకుని హెచ్చవేయండి. 1024 గుంపులు! మనసులో ఒక వస్తువు తలచుకుంటే ఎదుటివాళ్ళు అవును, కాదు ప్రశ్నలతో దాన్ని పట్టేసే ఆట మీరు ఆడే ఉంటారు. మంచి ప్రశ్నలు వేస్తే ఇరవైలోపే దొరికిపోతుంది. కారణం ఈ లెక్కే. కిటుకంతా ఏ ప్రశ్న ముందు వేయాలి, ఏది తర్వాత వేయాలి అన్నదాంట్లో ఉంది. అది డాక్టర్లు ఏళ్ళ తరబడి రోగులను చూసి నేర్చుకున్న విద్య. యంత్రం దాన్ని అరువు తెచ్చుకుంది.

జల్లెడ పట్టడం

కొన్ని పద్ధతులలో జవాబులకు మార్కులు కూడా వేస్తారు. వీటిలో ఒకటి మనకు దగ్గరలోనే, చెన్నైలో పుట్టింది. డాక్టర్ వి. మోహన్, ఆయన సహచరులు అక్కడి ప్రజలను పరీక్షించి 2005లో ఒక పట్టిక ప్రకటించారు. పెద్దవాళ్ళలో ఎవరికి షుగరు ఉండే అవకాశం ఎక్కువో సూది గుచ్చకుండా అంచనా వేయడానికి అది పనికొస్తుంది. నాలుగే విషయాలు.

మొదటిది వయస్సు. 35 లోపైతే సున్నా, 35 నుంచి 49 వరకు 20, 50 ఆ పైన 30 మార్కులు. రెండోది నడుము చుట్టుకొలత. మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్ళకు 80 లోపు ఉంటే సున్నా. మగవాళ్ళకు 90 నుంచి 99, ఆడవాళ్ళకు 80 నుంచి 89 అయితే 10. అంతకు మించితే 20. మూడోది ఒంటికి పని. రోజూ వ్యాయామంతోబాటు ఒళ్ళొంచి చేసే పని కూడా ఉంటే సున్నా, రెండిట్లో ఏదో ఒకటే ఉంటే 20, రెండూ లేకుండా కూర్చుని చేసే పనైతే 30. నాలుగోది తల్లిదండ్రులకు షుగరు ఉందా అన్నది. లేకపోతే సున్నా, ఒకరికి ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం నూరు. 60 గాని అంతకు మించిగాని వస్తే అపాయం ఎక్కువ కింద లెక్క.

మా మేనమామ సంగతి చూడండి. 42 ఏళ్ళు, 20 మార్కులు. టైలరు టేపుతో కొలిస్తే నడుము 96 సెంటీమీటర్లు, 10 మార్కులు. పగలంతా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, ఇంటికి స్కూటరు మీద వస్తాడు, 30 మార్కులు. మా అమ్మమ్మకు షుగరు, 10 మార్కులు. కూడితే 70. "అయితే నాకు షుగరు ఉన్నట్టేనా?" అని మొహం వేలాడేశాడు.

కాదు! ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇది జల్లెడ. మీ అమ్మ రవ్వ జల్లిస్తే ఏమవుతుంది? పైన మిగిలిందంతా రాళ్ళేనా? ఉండకట్టిన రవ్వ కూడా ఉంటుంది. కిందికి దిగిందంతా శుభ్రమేనా? సన్నని ఇసుక దిగిపోయి ఉండవచ్చు. జల్లెడ చెప్పేది ఒక్కటే: ముందు ఇక్కడ చూడండి అని.

లెక్క వేసి చూద్దాం. ఈ చెన్నై పట్టిక షుగరు ఉన్నవాళ్ళలో నూటికి 72.5 మందిని పట్టుకుంటుందనీ, లేనివాళ్ళలో నూటికి 60.1 మందిని సరిగా వదిలేస్తుందనీ తేలింది. ఒక పట్నంలో తమకు షుగరు ఉందో లేదో ఎప్పుడూ పరీక్షించుకోని పెద్దవాళ్ళు 1000 మంది ఉన్నారనుకోండి. వాళ్ళలో 100 మందికి నిజంగా ఉందనుకుందాం. పట్టిక ఆ నూరుమందిలో 72 మందిని పట్టుకుంటుంది, 28 మందిని జారవిడుస్తుంది. షుగరు లేని 900 మందిలో 541 మందిని వదిలి, మిగతా 359 మందికి కూడా "జాగ్రత్త!" అంటుంది. అంటే జాగ్రత్త అనిపించుకున్నవాళ్ళు 72కు 359 కలిపితే 431 మంది. వాళ్ళలో నిజంగా జబ్బున్నది ఆరుగురిలో ఒకరికి!

ఇంత తప్పులతడకైతే ఎందుకీ పట్టిక అంటారా? వేయిమందికీ రక్తపరీక్ష చేయడం ఎక్కడ, 431 మందికి చేయడం ఎక్కడ? సగానికి పైగా ఖర్చు తగ్గింది. అన్నిటికీ మించి ఆ 72 మంది. వాళ్ళు తమంతట తాము ఆస్పత్రి గడప తొక్కేవాళ్ళు కాదు. షుగరు చాలా ఏళ్ళు నొప్పి లేకుండా ఉండి, కంటికీ మూత్రపిండాలకూ దెబ్బ తగిలాక బయటపడుతుంది. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో ప్రకటించిన జాతీయ సర్వే అంచనా వేసింది.

మేనమామ 70 మార్కుల కాగితం జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. ఈసారి "నీరసంగా ఉంది" అనలేదు. "డాక్టరుగారూ, ఈ పట్టికలో నాకు 70 వచ్చింది. మా అమ్మకు షుగరు. రక్తపరీక్ష చేయించుకోవాలా?" అన్నాడు. ఆ రెండు నిమిషాలే, కాని మాట ఎక్కడ మొదలైందో చూడండి.

మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు 30 ఏళ్ళు దాటినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వయస్సు, పొగాకు, నడుము, వ్యాయామం మొదలైనవి అడిగి నింపే పత్రం కూడా ఇలాంటిదే. అందులో 4 దాటి మార్కులు వచ్చినవాళ్ళను ముందుగా పరీక్షలకు రమ్మంటారు. ఆ వివరాలిప్పుడు ఫోనులోకో ట్యాబ్‌లోకో ఎక్కుతున్నాయి. ఈసారి మీ ఇంటికి వచ్చినప్పుడు పక్కన కూర్చుని ఏయే ప్రశ్నలు అడుగుతారో వినండి.

మనిషికి చెప్పనిది యంత్రానికి చెబుతామా?

చెబుతాం! కొన్ని విషయాలు మనిషి మొహం చూస్తూ చెప్పలేం. తాగుడు, పొగాకు, పక్క తడపడం, నెలసరి బాధలు, ఇంట్లో దెబ్బలు, ఇవి డాక్టరుకు తెలియవలసినవే. కాని పక్కన అత్తగారో, వెనకాల వరుసలో నలుగురో నిలబడి ఉంటే ఎవరు నోరు విప్పుతారు?

అమెరికాలో 15 నుంచి 19 ఏళ్ళ అబ్బాయిల మీద జరిపిన ఒక సర్వే ఫలితాలు 1998లో వచ్చాయి. కొందరికి ప్రశ్నలు కాగితం మీద ఇచ్చారు. మిగతావాళ్ళకు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి కంప్యూటరు చేత అడిగించారు. ప్రశ్న చెవిలో వినిపిస్తుంది, జవాబుకు మీట నొక్కాలి. కొట్లాటలు, మత్తుమందుల వంటి విషయాలను కంప్యూటరుకు చెప్పినవాళ్ళు కాగితం మీద రాసినవాళ్ళ కంటే చాలా ఎక్కువగా ఉన్నారు. ఈ హెడ్‌ఫోను పద్ధతిలో మనకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. చదువు రానివాళ్ళు కూడా ఎవరి సాయమూ లేకుండా, గుట్టుగా జవాబు చెప్పుకోవచ్చు.

2014లో వచ్చిన మరో పరిశోధన ఇంకా తమాషాగా ఉంటుంది. 239 మందిని తెర మీద కనిపించే ఒక బొమ్మమనిషితో మాట్లాడించారు. కొందరితో "ఇది ఉత్త కంప్యూటరే" అన్నారు. కొందరితో "వెనకాల ఒక మనిషి కూర్చుని దీన్ని నడిపిస్తున్నారు" అన్నారు. ఉత్త కంప్యూటరే అనుకున్నవాళ్ళు తక్కువ బెరుకుతో, ఎక్కువ మనసు విప్పి మాట్లాడారు.

మనసు బాధలకు ప్రశ్నల పద్ధతి ఇంకో రకంగా ఉపయోగపడుతుంది. "మనసేం బాగాలేదు" అంటే ఎంత బాగాలేదు? 2001లో ప్రకటించిన, తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అది గత రెండు వారాలలో దిగులు, నిద్ర, ఆకలి, ఏకాగ్రత వంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో అడుగుతుంది. అసలు లేకపోతే 0, దాదాపు రోజూ ఉంటే 3. మొత్తం 27. 10 గాని అంతకు మించిగాని వస్తే డాక్టరుతో తప్పక మాట్లాడాలి. పట్టలేని బాధకు 'రెండు వారాలు', 'ఎన్ని రోజులు' అనే కొలబద్ద దొరికింది చూశారా! మీకో, మీ స్నేహితులకో అలాంటి బాధ ఉంటే మార్కుల కోసం ఆగనక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకో, మాస్టారికో చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

వేడి చేసిందంటే ఏమిటి?

ఇన్ని గొప్పలు చెప్పాక చిక్కులు కూడా చెప్పాలి. వీటిలో పెద్ద చిక్కు భాష.

"వేడి చేసింది" అంటాం మనం. నోరు పూసినా, మూత్రంలో మంటగా ఉన్నా, కళ్ళు మండినా అదే మాట. ఈ మాటకు సరిపడే మాట వేరే దేశంలో తయారైన పట్టికలో ఉండదు. యంత్రం "జ్వరం ఉందా?" అంటుంది. రోగి "లేదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, విషయం మాత్రం జారిపోయింది. అలాగే ఇంగ్లీషులో తల తేలికైపోయిందంటే మన భాషలో కళ్ళు తిరగడం. ఆ ప్రశ్నను మాటకు మాట తెలుగు చేసి "మీ తల తేలికగా ఉందా?" అని అడిగితే మా నాయనమ్మ "హాయిగా ఉంది నాయనా" అంటుంది!

ఇది నవ్వుకునే విషయం మాత్రమే కాదు. ఛాతీలో బరువుగా, మంటగా ఉంటే "గ్యాస్ పట్టింది" అని ఊరుకునేవాళ్ళు ఎందరో. వాళ్ళలో కొందరికి అది గుండెపోటు. "గ్యాస్ బాధ ఉందా?" అని అడిగే యంత్రం అక్కడ ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. "ఆ బాధ నడిస్తే ఎక్కువవుతోందా? ఎడమచేతికో, దవడకో పాకుతోందా? చెమటలు పడుతున్నాయా?" అని అడిగే యంత్రం కావాలి. అప్పటికప్పుడు ఛాతీలో బాధ ఉంటే మాత్రం ఏ యంత్రం ముందూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

రెండో చిక్కు రహస్యం. ఎవరికీ చెప్పనిది యంత్రానికి చెప్పాం. అది ఎవరికి చెబుతుంది? ఆస్పత్రివాళ్ళ యంత్రానికి జవాబుదారీ ఉంటుంది. ఫోనులో "మీ ఆరోగ్యం ఉచితంగా తెలుసుకోండి" అని ఊరించే ప్రతి యాప్ వెనకాల డాక్టరు ఉండనక్కరలేదు. మందులమ్మే వ్యాపారి ఉండవచ్చు. పేరు, ఫోను నంబరు, జబ్బు మూడూ ఒకేచోట రాయవలసి వస్తే ముందు పెద్దవాళ్ళను అడగండి.

వినేవాళ్ళుంటేనే

ఈ ప్రశ్నల వల్ల ఒరిగేదేమిటో కొలిచి చూసిన ప్రయోగం ఒకటుంది. న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో ఈథన్ బాష్ అనే డాక్టరు, ఆయన సహచరులు చేశారు. శరీరంలో ఇతర భాగాలకు పాకిన క్యాన్సరుకు మందులు వాడుతున్న 766 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. డాక్టరును కలిసినప్పుడు బాధలు చెప్పుకోవడం, అంతే. రెండో గుంపువాళ్ళు అదనంగా వాంతులు, నొప్పి, ఆయాసం, ఆకలి వంటి 12 బాధలలో ఏది ఎంత ఉందో కంప్యూటరులో నింపేవారు. కొందరు ఇంటి నుంచే నింపేవారు. ఏదైనా బాధ ముదిరితే యంత్రం నర్సుకు కబురు పంపేది. డాక్టరును కలిసే రోజున ఆ వివరాలన్నీ కాగితం మీద డాక్టరు చేతిలో ఉండేవి.

ఫలితాలు 2017లో వచ్చాయి. ఒక్కొక్క గుంపులో సగంమంది ఎంతకాలం బతికారో చూస్తే, మామూలు గుంపులో 26 నెలలు, కంప్యూటరులో బాధలు చెప్పుకున్న గుంపులో 31.2 నెలలు. ఐదు నెలల పైచిలుకు తేడా! కొత్త మందేదీ ఇవ్వలేదు. బాధ ముదరకముందే నర్సు ఫోను చేసి మందు మార్చడమో, పిలిపించడమో జరిగేది. అందువల్ల క్యాన్సరు మందును కూడా మధ్యలో మానకుండా ఎక్కువకాలం వాడగలిగారు.

అయితే శాస్త్రంలో ఒక్క ప్రయోగంతో డప్పు కొట్టకూడదు. అదే బృందం తర్వాత అమెరికాలో 52 వైద్యశాలల్లో ఇంకా పెద్ద ఎత్తున చేసి చూసింది. రోగుల బాధలు తగ్గాయి, తమ పనులు తాము చేసుకునే శక్తి నిలిచింది. ఆయుష్షులో మాత్రం తేడా కనబడలేదు. ఇది మొదటిదాన్ని అబద్ధం చేయదు గాని, చోటు మారితే ఫలితం మారవచ్చని చెబుతుంది.

రెండు ప్రయోగాల్లోనూ యంత్రం చేసింది అడగడం, అందించడం. అవతల ఒక నర్సు ఆ కబురు చూసి కదిలింది. కబురు వెళ్ళి ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంటే ఆ యంత్రం ఉన్నా లేకున్నా ఒకటే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెర మీది మార్కులు చూస్తూ డాక్టరు ఎదురుగా ఉన్న మనిషిని చూడడం మానేయవచ్చు. పాలిపోయిన కళ్ళు, వాచిన పాదాలు, భర్త పక్కనుంటే మాట మింగేసే భార్య, ఇవి ఏ పట్టికలోనూ ఉండవు. యంత్రం మిగిల్చిన నిమిషం వాటిని చూడడానికి ఖర్చు కావాలి.

మీ ఇంట్లో ఈ పని

మీ తాతగారినో, నాయనమ్మనో ఆస్పత్రికి తీసుకెళ్ళేముందు ఫోనులో పత్రం నింపే పని బహుశా మీకే అప్పజెబుతారు. ఇంట్లో ఫోను బాగా తెలిసినవాళ్ళు మీరే కదా! యంత్రం లేకపోయినా ఒక కాగితం చాలు. బాధ ఏమిటి, ఎప్పటి నుంచి, రోజులో ఎప్పుడు ఎక్కువ, ఏం చేస్తే తగ్గుతోంది, వాడుతున్న మందులేమిటి, ఏ మందైనా పడలేదా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ఇవి ముందురోజే అడిగి రాయండి. నలుగురి మధ్య అడగకండి, పక్కన కూర్చుని మెల్లగా అడగండి. ఆవిడ అన్న మాటే రాయండి. "గుండె దడ" అంటే గుండె దడ అనే రాయాలి, "గుండె జబ్బు" అని మీరు దిద్దకూడదు. జబ్బు పేరు పెట్టడం డాక్టరు పని. వాడే మందుల అట్టలు సంచిలో వేయండి. పేర్లు రాసేటప్పుడు తప్పులు రావచ్చు గాని, అట్ట అబద్ధం చెప్పదు.

చివరి ప్రశ్న ఎలా వేయాలన్నది మటుకు కాస్త ఆలోచించండి. అమెరికాలో 20 మంది డాక్టర్ల దగ్గర దీని మీద ఒక ప్రయోగం జరిగింది. 2007లో ఫలితాలు ప్రకటించారు. తాము చెప్పుకోవాలనుకుంటున్న బాధలన్నీ రోగులు ముందే కాగితం మీద రాసి ఉంచారు. సంభాషణలో కొందరు డాక్టర్లు "ఇంకేమైనా ఉందా?" అన్న అర్థం వచ్చేలా అడిగారు. మరికొందరు "ఇంకొకటేదో కూడా చూడాలి కదూ?" అన్న అర్థం వచ్చేలా అడిగారు. ఇంగ్లీషులో తేడా ఒక్క మాటే. మొదటి ప్రశ్నకు చాలామంది "ఏం లేదండీ" అనేశారు. రెండో ప్రశ్న వేసినచోట చెప్పకుండా మిగిలిపోయే బాధలు నూటికి 78 వంతులు తగ్గాయి.

కాబట్టి కాగితం మడిచేముందు "ఇంకేమైనా ఉందా నాయనమ్మా?" అనకండి. "ఇంకొకటేదో చెప్పాలనుకున్నావు కదూ, ఏమిటది?" అనండి. ఆవిడ కాసేపు ఆలోచిస్తుంది. తొందరపెట్టకుండా పెన్ను పట్టుకుని కూర్చోండి.